అమ్మబడును: ఇంజన్ మార్చిన బండి

నల్లగొండ జిల్లాలో పాత బండి అమ్మాలంటే రెండు కావాలి. ఒకటి బండి, రెండోది అబద్ధం. మా దగ్గర బండి మాత్రమే ఉండింది. అందుకే ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా ముంగిటి దాకా మా ఇంటికి కొనేవాళ్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. అమ్మ పెట్టిన చాయ్ మాత్రం అందరూ అడుగంటా తాగారు. చాయ్‌లో ఏం మార్చారని ఒక్కరూ అడగలేదు.

ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నవ్వు కూడా వస్తుంది కానీ, కోపం దిగాక మిగిలిన సీట్లో కూర్చుంటుంది.

మాది చిట్యాలకూ భువనగిరికీ నడుమ ఒక మగ్గాల ఊరు. తాత బతికినన్నాళ్లూ నేశాడు. బాపు సగం వయసు దాకా నేశాడు. నేను నేయలేదు, నేయనందుకు ఇంట్లో ఎవరూ బాధపడలేదు కూడా. తెలంగాణ వచ్చిన కొత్తలో బాపు మగ్గం గుంటలోంచి లేచి, అప్పు చేసి కొన్న కొత్త పికప్‌లో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రెండు పనులూ కాళ్లతో తొక్కేవే కాబట్టి తనకు పెద్ద తేడా తెలియలేదనేవాడు. ఆ బండి నూలు మూటలు మోసింది, చీరల మూటలు మోసింది, బత్తాయిలు మోసింది. పెళ్లిళ్లకు బీరువాలు మోసింది. చవితికి వినాయకుణ్ని తెచ్చింది, నిమజ్జనానికి మళ్లీ అదే వినాయకుణ్ని తీసుకుపోయింది. రెండుసార్లూ కిరాయి ఇచ్చిన గిరాకీ ఆయనొక్కడే అని బాపు మెచ్చుకునేవాడు.

ఒక ఎండాకాలం బత్తాయి లోడుతో వస్తుంటే చిట్యాల దాటాక హైవే మీద రేడియేటర్ పైపు పగిలింది. వేడి చూపించే ముల్లు ఎప్పట్నుంచో ఒకేచోట నిలబడి ఉండేది, ఆరోజూ అక్కడే నిలబడింది. బాపు దాన్ని నమ్మి ఇంకొంత దూరం తోలాడు. ఇంజన్ పట్టేసింది. షెడ్డులో మెకానిక్ మూత విప్పి చూసి, "దీని మీద పైసలు వెట్టకు కాకా, పోయింది" అన్నాడు. వెతికితే అదే రకం బండి ఒకటి దొరికింది. అది కొన్ని నెలలే తిరిగి చెట్టుకు గుద్దుకుంది. ముందు భాగం నుజ్జయింది, ఇంజన్‌కు గీత పడలేదు. దాన్ని బిల్లుతో సహా కొని మా బండికి ఎక్కించారు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. బాపు ఆ బిల్లు పట్టుకుని రవాణా ఆఫీసుకు పోయాడు. ఇంజన్ నంబరు మారిందని అర్జీ పెట్టి, చెప్పులు అరిగేదాకా తిరిగి, కొత్త నంబరుతో ఆర్సీ రాయించుకొచ్చాడు. మెకానిక్ ఆశ్చర్యపోయాడు. "గాడికి ఎవడు పోతడు కాకా? నేను ఎక్కించినయన్ని గట్లనే తిరుగుతున్నయి" అన్నాడు. ఇంజన్ మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటే అయ్యాయి. ఇక ఆ ఇంజన్ మారిందన్న సంగతి తెలిసింది మెకానిక్‌కు, ఆఫీసుకు, మా బాపు నోటికి. మొదటి ఇద్దరితో మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

కొత్త ఇంజన్‌తో బండి మునుపటికన్నా బాగా నడిచింది. చెడింది బాపు ఎడమ మోకాలు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, క్లచ్ తొక్కడం మానుకోవాలన్నాడు. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను, బండి నడపడం నాతో కాదు. బండి అమ్మేద్దామనుకున్నారు. ఆ పైసలతో ఏం చేయాలో కూడా బాపు అనుకుని పెట్టుకున్నాడు. చిట్యాలలో లారీలు ఆగే చోట రోడ్డు మీదికి ఒక మడిగె ఖాళీ అయింది. షట్టరుతో చిన్న దుకాణం గది. అందులో తాళ్లు, టార్పాలిన్లు, లోడు మీద కప్పే వలలు అమ్మాలని ఆయన ఆశ. పోగు సంగతి, లోడు సంగతి రెండూ తెలిసినవాడికి అంతకన్నా మంచి దుకాణం ఉండదు. మడిగె యజమాని రిటైరైన సారు. దసరా దాకా ఆగుతాననీ, ఆ తర్వాత బిర్యానీ పెట్టేవాళ్లు అడుగుతున్నారనీ చెప్పాడు. అంటే దసరాలోపు బండి పోకపోతే మా తాళ్ల దుకాణం బిర్యానీ అవుతుంది.

ఇక్కడ తాత సంగతి చెప్పాలి. చీర నేసేటప్పుడు ఎక్కడో ఒకచోట పోగు తెగుతుంది, ముడి పడుతుంది, రంగు కాస్త పక్కకు జరుగుతుంది. అలాంటి చీరను, చీరలు కొనే సేటు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు తాత తప్పు పైకి కనిపించేట్టు మడత పెట్టేవాడు. సేటు విప్పకముందే వేలు పెట్టి చూపించేవాడు. సేటు ఆ ఒక్క తప్పుకే ధర కోసేవాడు. దాచి పెట్టి, సేటే వెతికి పట్టుకుంటే, దాని కింద ఉన్న మంచి చీరలను కూడా లాంతరు పెట్టి చూస్తాడు. మా వీధిలో చాలామంది అలాగే చేసేవాళ్లు. అదేమీ మహానీతి కాదు, వ్యాపారం. ప్రతి చీరలో ఏదో ఒకటి ఉంటుందని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు.

బాపు చేసిన పొరపాటల్లా, బండిని కూడా చీరలాగే మడత పెట్టడం.

పాత బండ్లు అమ్మే యాప్‌లో ప్రకటన నేనే రాశాను. రాసేముందు మిగతావాళ్లు ఏం రాశారో చూశాను. ఆ యాప్‌లో ఉన్న బండ్లన్నీ ఒకే యజమాని నడిపినవి, అన్నీ నీడలో పెరిగినవి. ఇసుక మోసిన టిప్పర్ కింద కూడా 'ఫ్యామిలీ వాడకం' అని ఉంది. నేను కొంచెం తగ్గి, 'సింగిల్ ఓనర్, మంచి కండిషన్' అని రాసి బాపుకు చదివి వినిపించాను.

"ఇంజన్ సంగతేది?" అన్నాడు.

"వచ్చినంక చెప్దాం బాపు."

"వచ్చినంక చెప్తే ఆల్లకు బస్సు కిరాయి దండుగ. ముందుగాలనే రాయి."

"సంబంధాలకు ఫోటో పంపేటప్పుడు పిల్లగాడు గురక వెడ్తడని రాస్తరా?"

"పెడితె రాయాలె గద" అన్నాడు, నా వైపు చూస్తూ.

అలా మొదటి వాక్యమే 'ఇంజన్ మార్చబడిన పికప్ అమ్మబడును' అయింది. దాని కింద బండి ఫోటో. దాని ముందు భాగానికి బాపు పూలదండ వేయించాడు. చూసినవాళ్లకు బండి పోయినట్టు, మేము సంతాపం తెలుపుతున్నట్టు ఉంది.

ఫోన్లు వచ్చాయి. సగం మంది 'ఎందుకు మార్చిన్రు' అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశారు. ప్రకటన చదవకుండా ఫోటో చూసి నేరుగా వచ్చినవాళ్లు మిగిలారు. వాళ్లలో మొదటివాడు నకిరేకల్ నుంచి వచ్చిన కూరగాయల వ్యాపారి. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, సెల్ఫ్ కొట్టి చెవి పెట్టి విన్నాడు. మొహం విప్పారింది. "మంచిగున్నది కాకా. శబ్దం సుత మంచిగున్నది" అన్నాడు.

అంతే, బాపు బానెట్ లేపి వేలు పెట్టాడు. "ఇగో, గీ ఇంజన్ మనది గాదు."

వ్యాపారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరెవ్వలది?"

"గుద్దిన బండిది."

నేను మధ్యలో దూరి బిల్లు ఉందన్నాను, ఆర్సీ ఉందన్నాను. ఆయన నావైపు చూడనే లేదు. బాపునే పైనుంచి కింది దాకా చూసి, "నీ అంతట నువ్వే గింత చెప్తున్నవంటె, చెప్పంది ఇంకెంత ఉన్నదో!" అని, చాయ్ తాగి, పోయాడు.

తర్వాత వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక రకంగా ఈ మాటే అన్నాడు. నా కోపమంతా ఈ ఒక్క మాట మీదే. మీటరు వెనక్కి తిప్పినవాణ్ని నమ్ముతారు. తుప్పు మీద రంగు కొట్టినవాడికి అడ్వాన్సు ఇచ్చి దండం పెట్టి పోతారు. సొంత బండి తప్పు సొంత నోటితో చెప్పినవాణ్ని మాత్రం దొంగను చూసినట్టు చూస్తారు. నిజం చెప్పేవాడు ఇంకా పెద్ద నిజం దాచడానికే చెబుతాడని ఎవరు చెప్పారో వీళ్లకు! మా ఇంట్లో దాచడానికి ఏముంది? ఉన్నదంతా బాపు గడప దగ్గరే చెప్పేసేవాడు. లోపలికొస్తే మాకే కొత్త సంగతులు ఉండేవి కావు.

దేవరకొండ నుంచి ఒక పిల్లగాడు తల్లిని తీసుకుని వచ్చాడు. వాడికి ఇంజన్ సంగతి పెద్దగా పట్టలేదు. తల్లికి పట్టింది.

"ఆ గుద్దినాయన బతికిండా అన్నా?" అని బాపునడిగింది.

"బతికిండమ్మా. చెయ్యి ఇరిగింది, అతికింది. మొన్న ఉగాదికి ఫోన్ సుత చేసిండు."

"ఎందుకు చేసిండు?"

"ఇంజన్ మంచిగ నడుస్తున్నదా అని."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవారా? ఆయన పానం ఇంకా ఇంజన్ మీదనే ఉన్నది."

నేను ఆగలేకపోయాను. "అవ్వా, బతికున్నోడు దయ్యమై పట్టడు గద?"

"ఏమో బిడ్డా, కాలం మంచిగ లేదు" అని లేచింది.

చచ్చినవాడి దయ్యం ఉందంటే ఏ తాయెత్తో కట్టించి అమ్మేవాళ్లం. బతికి ఉండి పండుగలకు ఫోన్ చేసే దయ్యానికి మందేముంది?

వానలు తగ్గుముఖం పట్టాయి. మడిగె సారు ఒకసారి ఫోన్ చేసి, "బిర్యానోళ్లు మళ్ల వచ్చిన్రు" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. అమ్మ ఇక బాపును అడగలేదు. భువనగిరిలో ఉండే తన చిన్నాయన కొడుకుకు కబురు పెట్టింది. నాకు వరసకు మేనమామ. పాత బండ్లు, ప్లాట్లు, పెండ్లి సంబంధాలు మూడూ చూస్తాడు. మూడింటికీ 'కాగితాలు క్లియర్' అనే ఒక్క మాటే వాడతాడు.

మామ వచ్చి ప్రకటన చూశాడు. తర్వాత బాపు పక్కన కూర్చుని, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

"బావా, నిన్ను అబద్ధం ఆడమంటలేను. అడగంది చెప్పకు అంటున్న. నోరు మూసుకునుడు అబద్ధమెట్లయితది?"

"అడిగితె?"

"అడిగితె చెప్పు. అడగడు. నేను మాట్లాడుతనే ఉంట, ఆయనకు అడిగే సందు దొరకది."

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. అందులో దసరా ఎర్ర అక్షరాల్లో ఉంది. "సరే, అడిగితె మాత్రం చెప్త" అన్నాడు.

మామ తెచ్చిన కొనుగోలుదారు తిరుమలగిరిలో పాలకేంద్రం నడుపుతాడు. మంచి మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, పెద్దలకు చేతులు జోడిస్తాడు. బాపు నోరు ఖాళీగా ఉండొద్దని అమ్మ ఒక గిన్నె నిండా ఉడకబెట్టిన పల్లీలు చేతికిచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. బాపు ఒక్కొక్కటీ ఒలిచి నములుతున్నాడు. మామ వాతావరణం, పాల రేటు, పెసలు, ఎన్నికలు అన్నీ కలిపి ఊపిరి తీయకుండా మాట్లాడుతున్నాడు. నేను తాళంచెవి ఇచ్చాను. మామ, ఆయన ఇద్దరూ బండి తీసుకుని హైవే దాకా పోయి వచ్చారు.

ఆయన దిగడమే వెలిగిపోతూ దిగాడు. ధర దాదాపు కుదిరినట్టే. మామ నాకు కన్ను గీటాడు. ఆయన నేరుగా మంచం దగ్గరికొచ్చి బాపుకు దండం పెట్టాడు.

"పెద్దమనిషీ, నేను శాన బండ్లు చూసిన. గిన్నేండ్ల బండి గింత మెత్తగ పోవుడు నేను ఏడ సూడలే. కన్నబిడ్డ లెక్క సూసుకున్నవు ఇంజన్‌ను."

బాపు దవడ ఆగిపోయింది.

ఆయన ఏమీ అడగలేదు. నిజంగానే అడగలేదు. కానీ మెచ్చుకుంటాడని మాలో ఎవరూ అనుకోలేదు. తిట్టు పడితే బాపు పల్లీలతో పాటు మింగేవాడే. తనది కాని మెప్పు మాత్రం ఆయన గొంతు దిగలేదు.

"అది నేను సూసుకున్నది గాదు" అన్నాడు.

మామ దగ్గాడు. నేనూ దగ్గాను. లోపల అమ్మ కూడా దగ్గింది.

"అంటే?" అన్నాడు ఆయన.

"నేను సూసుకున్నది పట్టేసింది. ఇది వేరేటోళ్లది."

ఆ తర్వాత అంతా చెప్పాడు. పైపు, ముల్లు, చెట్టు, బిల్లు. ఆయన శ్రద్ధగా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు, అదే ఇంకా బాధ. మామ వైపు, నా వైపు, గుమ్మంలో అమ్మ వైపు వరసగా చూసి, "మొదలే చెప్పుంటె కొనేటోణ్ణి. ఇంజన్‌తోటి నాకు ఇబ్బంది లేదు. ఇంటిల్లిపాది కలిసి దాచిన్రు సూడు, గదే మనసుకు వట్టలే" అని మళ్లీ దండం పెట్టి పోయాడు.

చెప్పినందుకు పోయినవాళ్లను చూశాం. చెప్పనందుకు పోయినవాడు ఈయన. ఇంకేం చేయాలి మేము? సగం చెప్పాలా? పాట పాడాలా?

మామ మాత్రం బాపును వదల్లేదు. "బావా, చిట్యాలల నోటికి తాళాలు అమ్ముతలేరా? నీ మడిగెల ముందు గదే వెట్టు!" అని అరిచాడు.

"ఆయన మెచ్చుకునె గద బామ్మర్ది" అన్నాడు బాపు.

"మెచ్చుకుంటె సంతోషపడాలె! లోకమంతా గట్లనే చేస్తది!"

కొన్నాళ్లకు తెలిసింది. మామ అదే పాలకేంద్రం ఆయనకు ఇంకో పికప్ అమ్మాడు. దానికీ ఇంజన్ మారింది, మీటరు కూడా వెనక్కి తిరిగింది, కొత్త నంబరు మాత్రం ఆర్సీలో ఎక్కలేదు. ఈ సంగతి మామే నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు మీరు ఆ బండి రోడ్డు మధ్యలో ఆగిపోయిందనీ, ఆయన పశ్చాత్తాపంతో మా దగ్గరికొచ్చాడనీ ఎదురుచూస్తుంటారు. నేనూ ఎదురుచూశాను. ఇప్పటికీ ఆ బండి కనబడితే వెనక నుంచి పొగ వస్తుందేమోనని చూస్తాను. రాదు. శుభ్రంగా తిరుగుతోంది. పాల డబ్బాలు గలగలలాడుతూ నన్ను దాటిపోతుంది.

మామ చేతులెత్తేశాక, దసరా ఇంక వారం దూరంలో ఉందనగా, ఒక ఫోన్ వచ్చింది. కల్వకుర్తి దిక్కు టెంట్‌హౌస్ నడిపే ఆమె. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్తుంది. మరునాడే డ్రైవరు పని చేసే తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో పెద్ద సంచి. మెట్టు మీద కూర్చుని, "ఇంజన్ మార్చినమని రాసుకున్నరు గద, జర తక్కువకొస్తదని వచ్చిన" అంది.

ఆ ప్రకటన చదివి వచ్చిన మొదటి మనిషి ఆమె. బాపు మొహం చూడాలి! ముందుకు జరిగి మొదలుపెట్టాడు. ఇంజన్ సంగతంతా చెప్పాడు. ఆమె విన్నది, ధర కొంత తగ్గించి చెప్పింది. తర్వాత, "ఇంకా?" అంది.

ఇంతకుముందు ఎవరూ బాపును 'ఇంకా?' అని అడగలేదు.

"చలికాలం పొద్దున రెండో గేరు జర మొరాయిస్తది అక్కా."

ఆమె ఇంకొంచెం తగ్గించింది. "ఇంకా?"

"ఎడమ తలుపు గుంజి వెయ్యాలె."

"ఇంకా?"

"వెనక డాల తలుపు కొక్కెం వదులైంది. బత్తాయిలకు పర్వాలేదు, నీ గిన్నెలకు జర తాడు కట్టాలె."

తగ్గుతోంది, తగ్గుతోంది. నేను ఆపుదామని, "టైర్లు కొత్తయి, బ్యాటరీ కొత్తది, ఇంజన్ అయితే..." అని మొదలుపెట్టాను.

"నువ్వాగు కొడుకా, మీ నాయిన మంచిగ చెప్తుండు" అంది ఆమె.

అన్నీ అయ్యాక ఆమె చివరి ధర చెప్పింది. మామ మాట్లాడిన ధర కన్నా బాగా తక్కువ. లోపల అమ్మతో లెక్క చూస్తే మడిగె అడ్వాన్సుకు, మొదటి సరుకుకు సరిగ్గా సరిపోతుంది, పైన ఒక్క నోటు మిగలదు. బాపును పక్కకు పిలిచి, "గింత తక్కువకా?" అన్నాను.

"అన్నీ చెప్పినంక దీని ధర గదేరా. చెప్పకముందు ధర వేరే బండిది" అన్నాడు.

కోపం ఆపుకోలేక నేనే ఆమె ముందుకు పోయాను. "పెద్దమ్మా, ఆయన చెప్పిందానికల్ల కోసుకుంట పోతివి. చెప్పనోళ్లకేమో అడిగినంత తీసిస్తరు అందరు. గిదేం న్యాయం?"

"న్యాయం ఏడిది బిడ్డా, బేరం" అని ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

ఆర్సీ ఆమె పేరు మీదికి మార్చడానికి కాగితాల మీద సంతకాలు అయ్యాయి. సంచిలోంచి పైసలు తీసి బాపు చేతిలో పెట్టింది. ఆమె తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. ఎప్పటిలాగే ఒక్క దెబ్బకే అందుకుంది. బండి వీధి మలుపు దాకా పోయింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వీధిలో నలుగురు వచ్చి నిలబడ్డారు. అంతలో బాపు "అయ్యో!" అన్నాడు. కుంటుకుంటూ బండి వెనక పరుగు తీశాడు.

ఇన్నేళ్లు అన్నం పెట్టిన బండి కదా, ఆగలేకపోయాడు అనుకున్నాను. పడిపోతే పట్టుకుందామని నేనూ వెనకే ఉరికాను. పక్కింటామె అప్పటికే ముక్కు చీదుతోంది. బండి ఆగింది. బాపు వగరుస్తూ కిటికీ పట్టుకున్నాడు.

"అక్కా, మరిచిన! వానకు తడిస్తె గీ పక్క అద్దం పైకి రాదు. గంట ఆగినంక వస్తది."

ఆమె దిగింది. అద్దం దించి చూసింది, ఎక్కించి చూసింది. అది చక్కగా ఎక్కింది, ఎండ కాస్తోంది మరి. పోనీలే అన్నా అంటుందని నేను మనసులో దేవుళ్లందరినీ పిలిచాను. ఆమె కాసేపు ఆలోచించి, చెయ్యి చాపింది. బాపు ఆ బండి పైసల్లోంచే ఒక ఐదువందల నోటు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని బండెక్కింది. బాపు తేలికపడిన మొహంతో వెనక్కి తిరిగాడు. "ఇగ అయిపోయింది" అన్నాడు. అవును, మా లెక్క కూడా అయిపోయింది. ఇప్పుడు ఒక నోటు తక్కువ.

ఆ తక్కువ నోటు నా జేబులోంచి వేశాను. నాకు అప్పుడు గొప్పగా ఏమీ అనిపించలేదు. తిట్టుకుంటూనే వేశాను. అదే సాయంత్రం బాపును బైకు మీద ఎక్కించుకుని చిట్యాలలో మడిగె సారు ఇంటికి పోయాం. బిర్యానీవాళ్లు కూడా అప్పుడే వచ్చి వెళ్లారట, గేటు దగ్గర మసాలా వాసన ఇంకా ఉంది. ఆలస్యం చేయకుండా బాపు అడ్వాన్సు కట్ట సారు చేతిలో పెట్టాడు. సారు రబ్బరు తీశాడు, పైపైన లెక్కపెట్టాడు, సరిపోయిందన్నాడు. తాళంచెవి కోసం సొరుగు లాగాడు.

"సార్, ఒక్క మాట" అన్నాడు బాపు. "గా కట్టల ఒక నోటు నాది గాదు."

సొరుగు ఆగింది. "మరెవ్వలది?"

"మా వాంది. బండి పైసలల్ల ఒకటి తక్కువ వడితె ఆడు కలిపిండు. ఎవ్వలన్న అడిగితె ఆడు సుత ఇచ్చిండని మీకు తెల్వాలె గద."

సారు కట్ట మళ్లీ విప్పాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. లేచి ట్యూబులైటు కిందికి పోయి, మొదటి నోటు తీసి, వెలుగుకు ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు.

"అన్ని మంచియే సార్" అన్నాను.

"ఉండు తమ్మీ" అన్నాడు సారు.

బాపు కుర్చీలో నిమ్మళంగా కూర్చుని, మోకాలు చాపుకుని, ఏ మూల ఏ తాళ్లు వేలాడదీయాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. తాళంచెవి మాకు ఆ రాత్రే దొరికింది. కానీ చాలా ఆలస్యమైంది. సారు ఒక్క నోటు కూడా వదల్లేదు.